చిన్న సర్దుబాటు దగ్గరే ఆపాలి: ఆర్థిక సంస్థల్లో రిస్క్ సంస్కృతి, ఉద్యోగుల నడవడికపై సమగ్ర మార్గదర్శి

చాలా ఏళ్ల కిందట ప్రొద్దుటూరులోని ఒక బంగారు రుణాల శాఖకు ఆడిట్‌కు వెళ్లాను. సాయంత్రం స్ట్రాంగ్ రూము మూసే వేళ అది. నిబంధన ప్రకారం ఆ తలుపుకు రెండు తాళాలు, వాటి చెవులు ఇద్దరి దగ్గర విడివిడిగా ఉండాలి. ఆ రోజు రెండు చెవులూ క్యాషియరు నడుముకున్న ఒకే గుత్తిలో కనిపించాయి. అడిగితే, "మేనేజర్ సార్ పాపను ట్యూషన్ నుంచి తెచ్చుకోవాల సార్, అయిదింటికే పోతారు. మా మధ్య నమ్మకం ఉంది" అన్నాడు. మేనేజరు మంచివాడు, శాఖ లాభాల్లో ఉంది. నేను నోటితో హెచ్చరించి, నివేదికలో ఒక్క వాక్యం కూడా రాయకుండా బస్సెక్కాను. మరుసటి సంవత్సరం అదే స్ట్రాంగ్ రూములో కొన్ని సంచులు విప్పితే బంగారానికి బదులు గిల్టు నగలు బయటపడ్డాయి. తాళం చెవి ఇచ్చినవాడి తప్పు, తీసుకున్నవాడి తప్పు లెక్కలోకి వచ్చాయి. చూసి రాయనివాడి తప్పు ఎవరి లెక్కలోకీ రాలేదు.

ఆ అనుభవం తర్వాత రిస్క్ సంస్కృతి అనే మాటకు నేను ఇచ్చుకున్న అర్థం ఇది: ఒక చిన్న సర్దుబాటు కంటబడినప్పుడు ఆ సంస్థలో నలుగురూ ఏం చేస్తారన్నదే దాని సంస్కృతి. అంతర్జాతీయ ఆర్థిక స్థిరత్వ మండలి 2014లో పర్యవేక్షకుల కోసం ఇచ్చిన మార్గదర్శకాలు దీనికి నాలుగు గుర్తులు చెప్పాయి. అవి పైవారి నడవడిక, ఎవరి పనికి వారు జవాబు చెప్పడం, ఎదురుమాట చెప్పే స్వేచ్ఛ, జీతభత్యాల్లోని ప్రోత్సాహకాలు. కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో పది పదిహేను శాఖలతో నడిచే ఫైనాన్స్ కంపెనీ గానీ, పట్టణ సహకార బ్యాంకు గానీ, పరస్పర సహాయ సహకార సంఘం గానీ ఈ నాలుగింటినీ ఆచరణలోకి ఎలా తెచ్చుకోవాలో వరుసగా చెబుతాను. నిబంధనల్లో కొన్ని బ్యాంకులకు, కొన్ని ఎన్‌బీఎఫ్‌సీలకు (బ్యాంకులు కాని ఫైనాన్స్ కంపెనీలకు) వర్తిస్తాయి, సహకార సంఘాల చట్టం వేరు. మీ సంస్థకు ఏది వర్తిస్తుందో మీ కంప్లయన్స్ అధికారితో (నిబంధనల అమలు చూసేవారితో) సరిచూసుకోండి. వర్తించకపోయినా పాటిస్తే పోయేదేమీ లేదు.

మొదటి అడుగు: రాయడానికి ముందు చూడండి

చాలా సంస్థలు కన్సల్టెంటును పిలిపించి నలభై పేజీల పాలసీ రాయించుకుని బోర్డు చేత ఆమోదింపజేసి బీరువాలో పెడతాయి. మీరు అలా మొదలుపెట్టవద్దు. ముందుగా రెండు శాఖలు ఎంచుకోండి, ఒకటి బాగా నడుస్తున్నది, మరొకటి మామూలుగా నడుస్తున్నది. ఒక్కో చోట మూడు రోజులు కూర్చుని, ఫైళ్ల కంటే మనుషుల కదలికలను ఎక్కువగా గమనించండి. బాగా నడుస్తున్న శాఖను తప్పనిసరిగా చేర్చమనడానికి కారణం ఉంది. లాభాలు తెచ్చే శాఖను ఎవరూ ప్రశ్నించరు కాబట్టి సర్దుబాట్లు ముందుగా అక్కడే వేళ్లూనుకుంటాయి.

చూడవలసినవి పెద్ద రహస్యాలేమీ కావు. మేనేజరు పాస్‌వర్డు క్లర్కుకు తెలుసా? క్యాలెండర్ వెనకో కీబోర్డు కిందో రాసి అంటించారా? ఖాతాదారుల సంతకం ఉన్న ఖాళీ విత్‌డ్రాయల్ స్లిప్పులు ఎవరి సొరుగులోనైనా ఉన్నాయా? సస్పెన్స్ ఖాతాలో (ఎక్కడ రాయాలో తేలని పద్దులను తాత్కాలికంగా ఉంచే ఖాతాలో) నెల దాటిన పద్దులు ఎన్ని, వాటికి వివరణ ఇచ్చేవారు ఎవరు? ఉదయం క్యాషు తీసేటప్పుడు రిజిస్టరులో రెండు సంతకాలు అప్పటికప్పుడే పడుతున్నాయా, వారానికోసారి కూర్చుని ఒకే పెన్నుతో పెడుతున్నారా? ఇంకు రంగు చూస్తేనే ఈ చివరిది తేలిపోతుంది. వారం మొత్తం ఒకే రంగు, ఒకే వాలు, ఒకే ఒత్తిడి కనిపిస్తే ఆ సంతకాలు ఒకే పూట పడ్డవని అర్థం.

తర్వాత ఉద్యోగులతో ఒక్కొక్కరితో విడిగా, వీలైతే శాఖ బయట టీ దగ్గర మాట్లాడండి. "ఈ మధ్య పొరపాటు జరిగి ఎవరైనా పైకి చెప్పారా? చెప్పిన తర్వాత ఏమైంది?" అని అడిగితే చాలు. "ఏం పొరపాట్లూ జరగవు సార్" అనే జవాబు అందరి నోటా ఒకే విధంగా వస్తే అది శుభవార్త అనుకోకండి. రోజుకు వందల వోచర్లు నడిచే చోట పొరపాటు జరగకుండా ఉండదు, చెప్పడం మాత్రమే ఆగిపోయి ఉంటుంది.

విలీనమైన సంస్థల్లో ఈ పరిశీలన ఇంకా అవసరం. కడప కేంద్రంగా 2006లో మూడు గ్రామీణ బ్యాంకుల కలయికతో ఏర్పడిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైంది. ఇటువంటి కలయికలు ఎక్కడ జరిగినా బోర్డు మీద పేరు ఒక్క రోజులో మారుతుంది గానీ, వోచరు రాసే పద్ధతి, పైఅధికారితో మాట్లాడే తీరు ఏ గూటివారివి ఆ గూటివారికి చాలాకాలం అలాగే ఉంటాయి.

రెండో అడుగు: అర పేజీ నియమావళి

చూసినదాన్ని బట్టి నియమావళి రాయండి. అర పేజీ దాటనివ్వకండి, అదీ తెలుగులో, అటెండరు నుంచి మేనేజింగ్ డైరెక్టరు వరకు అందరికీ ఒకటే. నేను వాడిన నమూనా ఇలా ఉంటుంది:

"నా తాళం చెవి, పాస్‌వర్డు, ఓటీపీ ఇంకొకరికి ఇవ్వను, ఇంకొకరివి తీసుకోను. ఖాతాదారు సంతకం ఉన్న ఖాళీ కాగితం నా దగ్గర ఉంచుకోను. ఖాతాదారుతో గానీ, అప్రైజరుతో (నగల విలువ కట్టే వ్యక్తితో) గానీ సొంత అప్పులు, చేబదుళ్లు పెట్టుకోను. జరగని తేదీన జరిగినట్టు పద్దు రాయను. నా చేతిలో పొరపాటు జరిగితే ఆ రోజు క్యాషు మూసేలోపు చెబుతాను."

చేబదులు సంగతి ప్రత్యేకంగా రాయమనడం ఊరికే కాదు. మన ఊళ్లలో శాఖ సిబ్బందికి, ఎదురుగా ఉన్న బట్టల షాపు యజమానికి మధ్య పదివేలు, ఇరవైవేలు చేతులు మారడం స్నేహధర్మంగానే నడుస్తుంది. ఆ యజమానే రేపు ఓవర్‌డ్రాఫ్ట్ పెంచమని వస్తే ఆ ఫైలు మీద రాసే సిఫారసులో ఎంత నిజం ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఈ అర పేజీతో పాటు తప్పులను మూడు రకాలుగా విడదీసి చెప్పండి. తెలియక చేసింది పొరపాటు, దానికి శిక్షణే మందు. తెలిసీ తొందరలోనో మొహమాటంలోనో నియమం దాటితే అది నిర్లక్ష్యం, దానికి మొదట లిఖితపూర్వక హెచ్చరిక, ఆపై చర్య. సొంత లాభానికి చేసిందీ, దాచిపెట్టిందీ మోసం, దానికి సర్దుబాటు లేదు. పొరపాటును ఆ రోజే చెప్పినవారికీ, దాచినవారికీ శిక్షలో తేడా స్పష్టంగా కనిపించకపోతే ఏ ఉద్యోగీ నోరు విప్పడు.

మూడో అడుగు: ఎవరి బాధ్యత ఎవరిది

ఇక్కడ ఎక్కువ చెప్పనక్కరలేదు. తప్పులను ఆపే కాపలాలో శాఖ సిబ్బంది మొదటి వరుస; రిస్క్, కంప్లయన్స్ అధికారులు రెండో వరుస; అంతర్గత ఆడిట్ మూడో వరుస. చిన్న సంస్థల్లో ఒకే మనిషికి రెండు టోపీలు పెట్టక తప్పదు, కానీ రుణం మంజూరు చేసే చేతికి ఆడిట్ పెన్ను ఇవ్వకండి. ఆడిట్ అధికారి నివేదిక మేనేజింగ్ డైరెక్టరు గుండా వడపోతకు గురికాకుండా నేరుగా బోర్డు ఆడిట్ కమిటీకి వెళ్లాలి.

నాలుగో అడుగు: బంగారం కౌంటరు

రాయలసీమలో రుణ వ్యాపారం చేసే సంస్థకు అసలు పరీక్ష ఇక్కడే. వాన మొహం చాటేసిన ఏడాది అనంతపురం వేరుశనగ రైతు మొదట తెచ్చేది ఇంట్లోని గొలుసే. అందుకే ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలుస్తాను.

రిజర్వు బ్యాంకు 2024 సెప్టెంబరు 30న ఇచ్చిన సర్క్యులర్‌లో బంగారు రుణాల్లో తాను గమనించిన లోపాలను చెప్పింది. రుణగ్రహీత లేకుండా నగల విలువ కట్టడం, రుణం తేవడానికీ విలువ కట్టడానికీ బయటివారి మీద ఆధారపడటం, రుణం దేనికి వాడారో చూడకపోవడం, వేలంలో పారదర్శకత లేకపోవడం వాటిలో కొన్ని. తర్వాత 2025 జూన్‌లో కొత్త ఆదేశాలు ఇచ్చి, అమలుకు 2026 ఏప్రిల్ 1 వరకు గడువు పెట్టింది. వాటి ప్రకారం వినియోగ అవసరాల కోసం ఇచ్చే రుణం రూ.2.5 లక్షల వరకు అయితే నగ విలువలో 85 శాతం, రూ.2.5 లక్షలు దాటి రూ.5 లక్షల వరకు 80 శాతం, ఆపైన 75 శాతం మించరాదు. అసలు, వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే రుణమైతే గడువు నాటికి కట్టవలసిన మొత్తమంతా ఈ హద్దులోనే ఉండాలి. ధర లెక్కకు ముప్పై రోజుల సగటు ముగింపు ధర, ముందురోజు ముగింపు ధర రెండింటిలో తక్కువది తీసుకోవాలి. రాళ్లు, ఇతర లోహాల విలువ కలపకూడదు.

ఇప్పుడు కౌంటరు దగ్గరికి రండి. ఒకామె రాళ్ల హారం తెచ్చింది, తూకం 48 గ్రాములు. రాళ్లు, లక్క కలిపి 5 గ్రాములని తీసివేస్తే నికరం 43 గ్రాములు. లెక్క తేలికగా ఉండటానికి ఆ నాణ్యతకు గ్రాము రూ.10,000 అనుకుంటే విలువ రూ.4,30,000, అందులో 80 శాతం రూ.3,44,000. శాఖ టార్గెట్‌కు కొద్దిలో ఉంది కాబట్టి అప్రైజరు తగ్గింపు రాయకుండా 48 గ్రాములనే నికరంగా చూపితే రుణం రూ.3,84,000 అవుతుంది. కాగితం మీద 80 శాతమే, నిజానికి అది 89 శాతం దాటింది. ఆ నలభై వేల తేడాలో ఎవరూ పైసా తినకపోవచ్చు. ఖాతాదారు సంతోషించింది, మేనేజరు టార్గెట్ అందుకున్నాడు, అప్రైజరుకు రుణం మొత్తాన్ని బట్టి కమీషన్ వచ్చింది. నష్టపోయిన మనిషి ఆ గదిలో లేడు కాబట్టి తప్పు జరిగినట్టే అనిపించదు. ధర పడిన రోజునో, వేలం రోజునో అది సంస్థ నెత్తిన పడుతుంది.

దీన్ని ఆపాలంటే ముందుగా అప్రైజరు పారితోషికాన్ని రుణం మొత్తం నుంచి విడదీసి, పరీక్షించిన నగల లెక్కన గానీ, రోజు లెక్కన గానీ ఇవ్వండి. రుణం తిరస్కరించినా అతనికి అంతే డబ్బు రావాలి. రెండవది, గీటురాయి మీద గీసేదీ, తూచేదీ ఖాతాదారు కళ్ల ముందే జరగాలి. మొత్తం తూకం, తీసివేత, నికర తూకం విడివిడిగా రాసిన చీటీ ఆమె చేతికి ఇవ్వాలి. మూడవది, నెలకోసారి ముందుగా చెప్పకుండా మరో శాఖ అప్రైజరుతో కొన్ని సంచులు విప్పించి తిరిగి తూయించండి. సంచులను ఆడిటరే ఎంచుకోవాలి, "ఈ వరుసలోవి చూడండి సార్" అని క్యాషియరు చూపించినవి మాత్రం కాదు. నాలుగవది, రెన్యువళ్ల జాబితా తెప్పించుకోండి. ఒకే నగ మీద వడ్డీ కట్టకుండానే పాత రుణం మూసి, పెరిగిన ధరతో కొత్త రుణం ఇచ్చి, ఆ డబ్బుతోనే పాత వడ్డీ చెల్లించినట్టు చూపుతూ పోతే, బంగారం ధర పెరుగుతున్నంత కాలం ఓవర్‌డ్యూ (గడువు దాటిన బాకీ) కంటికి కనిపించదు.

అప్పు తీర్చినవారి నగ తిరిగి ఇవ్వడంలో కూడా నడవడిక బయటపడుతుంది. 2025 ఆదేశాల ప్రకారం రుణం తీరిన రోజే, లేదా గరిష్ఠంగా 7 పనిదినాల్లో నగ తిరిగి ఇవ్వాలి. సంస్థ వల్ల ఆలస్యమైతే రోజుకు రూ.5,000 పరిహారం. "మేనేజర్ సార్ లీవులో ఉన్నారు, సోమవారం రండి" అనే మాట ఇక ఖరీదైన మాట.

అయిదో అడుగు: టార్గెట్లను తిరగరాయడం

అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు 2016లో నియంత్రణ సంస్థలకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. అమ్మకాల టార్గెట్లు అందుకోవడానికి ఉద్యోగులు ఖాతాదారులకు తెలియకుండా లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. సుమారు 5,300 మందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. తీసేసినంత మందీ పుట్టుకతో మోసగాళ్లు కారు. టార్గెట్ వేసినవారు అది నిజాయతీగా అందుకోగలిగినదేనా అని చూడలేదు.

మన దగ్గర దీని రూపం వేరు. ఖరీఫ్‌లో పంట రుణానికి వచ్చిన రైతుకు బీమా పాలసీ కూడా తగిలిస్తారు. ప్రీమియం రుణంలోంచే కోసుకుంటారు కాబట్టి రెండో ఏడాది ఆ పాలసీ లాప్స్ అవుతుంది. మీ సంస్థలో అమ్మిన పాలసీల్లో రెండో సంవత్సరం ప్రీమియం కట్టినవి ఎన్నో శాఖల వారీగా తీయించండి. ఏ శాఖలో అమ్మకం ఎక్కువ, కొనసాగింపు తక్కువ అని తేలిందో అక్కడి కౌంటరులో ఏ మాటలు నడుస్తున్నాయో విడిగా విచారించనక్కరలేదు.

నా సలహా ఏమంటే, ప్రోత్సాహకంలో సగం మాత్రమే వెంటనే ఇచ్చి, మిగిలిన సగాన్ని ఏడాది తర్వాత ఆ రుణం సక్రమంగా నడుస్తుంటేనే ఇవ్వండి. తప్పు తేలితే ఇచ్చినది వెనక్కి తీసుకునే షరతు నియామక పత్రంలోనే ఉండాలి. రిజర్వు బ్యాంకు 2019 నవంబరు మార్గదర్శకాల ద్వారా ప్రైవేటు బ్యాంకుల పెద్ద అధికారుల జీతాల్లో ఇటువంటి షరతులు పెట్టించింది. చిన్న సంస్థ శాఖ మేనేజరుకు కూడా అదే సూత్రం పనికొస్తుంది. మరొక మాట, వాన పడని మండలానికి, తుంగభద్ర కాలువ నీళ్లు అందే మండలానికి ఒకే వసూళ్ల శాతం టార్గెట్ పెట్టడమంటే మొదటి మండలంలోని ఫీల్డ్ ఆఫీసరును తప్పు చేయమని చెప్పడమే.

ఆరో అడుగు: వసూళ్లలో మర్యాద

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ రుణాల వసూళ్ల ఒత్తిడి ఎంత దూరం వెళ్లిందో, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి రావడం గుర్తుచేస్తుంది. ఇప్పుడు 2022 నాటి రిజర్వు బ్యాంకు ఆదేశాల ప్రకారం రూ.3 లక్షల వరకు వార్షికాదాయం ఉన్న కుటుంబానికి హామీ లేకుండా ఇచ్చేది సూక్ష్మ రుణం. ఆ కుటుంబం అన్ని అప్పులకు కలిపి నెలకు కట్టేది ఆదాయంలో 50 శాతం దాటకూడదు. వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోను చేయడం, వెళ్లడం కుదరదు. ఇతర రుణాలకు ఈ వేళలు ఉదయం 8, రాత్రి 7. సూక్ష్మ రుణం వసూలు ముందుగా అనుకున్న చోటే జరగాలి. వరుసగా రెండు లేక అంతకంటే ఎక్కువసార్లు అక్కడికి రానప్పుడే ఇంటికి వెళ్లవచ్చు.

గంటలు పాటించినంత మాత్రాన సరిపోదు. ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్న మహిళ ఇంటి ముందు గ్రూపులోని మిగతా సభ్యులను కూర్చోబెట్టి, "మీరే అడగండి అక్కా" అని ఫీల్డ్ ఆఫీసరు పక్కకు తప్పుకుంటే, కాగితం మీద అతను ఒక్క పరుష వాక్యమూ అనలేదు. వీధిలో ఆమె పరువు మాత్రం పోయింది. మీ నియమావళిలో ఈ పనిని పేరు పెట్టి నిషేధించండి. శిక్షణలో ఉపన్యాసాలు తగ్గించి, ఇద్దరు ఉద్యోగులను నిలబెట్టి ఒకరిని బాకీదారుగా, మరొకరిని వసూలుకు వెళ్లినవారుగా మాట్లాడించండి. బాకీదారు పాత్రలో పది నిమిషాలు నిలబడిన కుర్రవాడికి మళ్లీ ఉపన్యాసం అక్కరలేదని చాలాసార్లు చూశాను.

ఏడో అడుగు: చెప్పేవారికి రక్షణ

సాటి ఉద్యోగి తప్పు పైకి చెప్పడాన్ని మన సమాజం చాడీ అంటుంది. "వాళ్లింట్లో పిల్లలున్నారు, మనకెందుకులే" అనే జాలి కూడా తోడవుతుంది. ఈ జాలిని తిట్టి ప్రయోజనం లేదు, దాన్ని దాటే దారి వేయాలి. ఫిర్యాదు స్వీకరించేవారు శాఖ యంత్రాంగానికి బయటివారై ఉండాలి. ఆడిట్ కమిటీ అధ్యక్షుడి పేరున ఒక ఫోను నంబరు, ఒక పోస్టు పెట్టె పెట్టండి. ఫిర్యాదు అందిన వారంలోగా అందిందని తెలియజేయండి. లిస్టెడ్ కంపెనీలకూ (స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైనవాటికి), మరికొన్ని తరగతుల కంపెనీలకూ 2013 కంపెనీల చట్టం 177వ సెక్షను ఇటువంటి ఏర్పాటును తప్పనిసరి చేసింది.

ప్రతీకారం సస్పెన్షన్ రూపంలో రాదు, బదిలీ రూపంలో వస్తుంది. కడపలో పిల్లల్ని బడిలో వేసుకున్న ఉద్యోగిని ఆదోనికి మార్చితే ఆర్డరులో "పరిపాలనా కారణాల వల్ల" అని మాత్రమే ఉంటుంది. అందువల్ల ఫిర్యాదు చేసినవారిని ఏడాదిలోపు మార్చాలంటే ఆడిట్ కమిటీ అనుమతి తప్పనిసరి చేయండి. దీన్ని అమలు చేసిన సంస్థలో మొదటి సంవత్సరం ఫిర్యాదులు పెరుగుతాయి. బోర్డు దానికి కంగారుపడకూడదని ముందే చెప్పి ఉంచండి.

ఖాతాదారు ఫిర్యాదును కూడా ఇదే కంటితో చూడండి. 30 రోజుల్లో మీరు తేల్చకపోతే, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ పథకం పరిధిలోని సంస్థ అయితే వారు అంబుడ్స్‌మన్ (ఖాతాదారుల ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు.

ఎనిమిదో అడుగు: కుర్చీ ఖాళీ చేయించడం

2018 ఫిబ్రవరిలో బయటపడిన పంజాబ్ నేషనల్ బ్యాంకు మోసంలో స్విఫ్ట్ (బ్యాంకుల మధ్య సందేశాలు పంపే అంతర్జాతీయ వ్యవస్థ) ద్వారా వెళ్లిన హామీ సందేశాలు బ్యాంకు ప్రధాన కంప్యూటర్ వ్యవస్థలో నమోదు కాలేదు. ముంబయిలోని ఒకే శాఖలో ఒక అధికారి ఏళ్ల తరబడి అదే పనిలో కొనసాగాడు. కుర్చీలో ఎప్పుడూ ఒకే మనిషి ఉంటే అతను దాచిన కాగితం ఇంకొకరి కంట పడే అవకాశమే రాదు. కీలక స్థానాల్లో ఉన్న బ్యాంకు ఉద్యోగులను ఏటా ఒకే విడతలో కనీసం 10 పనిదినాలు, ముందుగా చెప్పకుండా సెలవులో పంపాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఆ రోజుల్లో వారి లాగిన్ మూసేయాలి, ఆఫీసు ఫోను ఇంకొకరు ఎత్తాలి. "నేను లేకపోతే శాఖ నడవదు సార్" అనే ఉద్యోగినే మొదట పంపండి.

తొమ్మిదో అడుగు: విచారణలో సమానత్వం

ఒక సంస్థలో అటెండరు రూ.800 పోస్టేజి డబ్బు వాడుకున్నాడని ఉద్యోగం నుంచి తీసేశారు. అదే ఏడాది పెద్ద డిపాజిట్లు తెచ్చే మేనేజరు ఆస్తి పత్రాలు లేకుండా రుణం విడుదల చేస్తే "పని ఒత్తిడిలో జరిగింది" అని మూసేశారు. ఆ రెండు ఆర్డర్లూ ఒకే నోటీసు బోర్డు మీద చూసిన సిబ్బందికి తర్వాత ఏ శిక్షణా ఎక్కలేదు. కాబట్టి తప్పుకు శిక్ష ఏమిటో ముందే రాసి ఉన్న పట్టిక పెట్టుకుని, దాన్ని దాటి తక్కువో ఎక్కువో వేస్తే కారణం ఫైలులో రాయించండి.

తొందరపాటు కూడా తగదు. రిజర్వు బ్యాంకు 2024 జూలైలో ఇచ్చిన మోసాల నిర్వహణ ఆదేశాలు, ఒకరి పేరును మోసం కింద వర్గీకరించే ముందు షోకాజ్ నోటీసు ఇచ్చి, జవాబుకు కనీసం 21 రోజులు గడువు ఇవ్వాలని చెబుతాయి. అంతర్గత విచారణలో కూడా ఆరోపణ కాగితం తెలుగులో ఇవ్వండి. తన మీద ఏం రాశారో చదువుకోలేని అటెండరు జవాబు జవాబు కాదు.

పదో అడుగు: బోర్డు బల్ల మీద ఏముండాలి

మూడు నెలలకొకసారి బోర్డు ముందుకు ఒక్క పేజీ చాలు. ఉద్యోగులు తమంతట తాము చెప్పిన పొరపాట్లు ఎన్ని, ఆడిట్ పట్టుకున్నవి ఎన్ని, రెండింటి నిష్పత్తి ఎటు కదులుతోంది? సస్పెన్స్‌లో నెల దాటిన మొత్తం ఎంత? తిరిగి తూచిన సంచుల్లో తేడా వచ్చినవి ఎన్ని? తప్పనిసరి సెలవు తీసుకోనివారు ఎవరు, ఎందుకు? ఆడిట్ అభ్యంతరాల్లో మళ్లీ మళ్లీ వస్తున్నవి ఏవి? ఇవి చూస్తే శాఖల వాసన తెలుస్తుంది.

మొదటి సమావేశంలో బోర్డు సభ్యులు లాభనష్టాల కాగితం తిప్పే ముందు ఈ పేజీని చేతిలోకి తీసుకుని, అత్యధిక లాభం తెచ్చిన శాఖ పేరు చెప్పి, "అక్కడి రెండో తాళం చెవి ఈ సాయంత్రం ఎవరి దగ్గర ఉంటుంది?" అని అడగనివ్వండి. జవాబు తెలియకపోతే అప్పుడే ఫోను చేయించండి.